ట్రాన్స్‌ఫార్మర్‌కు నేను వేసిన పట్టీ

మా చిన్నకోడూరు పొలాల్లో ఇరవై మోటార్ల ట్రాన్స్‌ఫార్మర్ నా ఒక్కడి కాగితం మీదే నడిచింది. సరే, కోతలెందుకు, ఉన్నవి ఆరు మోటార్లే. లెక్కలు రాసి రిటైరయినవాణ్ని కాబట్టి, ఆస్తి అప్పుల పట్టీ వేసినట్టే ఒక పక్క ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగే కరెంటు లోడు, ఇంకో పక్క మోటార్ల హార్స్‌పవర్ రాసి, రెండూ సరిపోయాయని రైతులకు చదివి వినిపించేవాణ్ని.

పోయిన యాసంగిలో వరి పొట్టకొచ్చిన వేళ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

"లక్ష్మవ్వ కొత్తగ మోటార్ పెట్టింది. గందుకే కాలింది" అని తేల్చేశాను.

భర్త పోయి ఒంటరిగా సాగు చేసుకుంటున్న మనిషి ఆమె. "నాది మూడు హార్స్‌పవరే గదనే అన్నా!" అని మొత్తుకుంది. నా కాగితాన్ని నమ్మి అందరూ ఆమె వైరు విప్పించారు.

ట్రాన్స్‌ఫార్మర్ బాగై వచ్చిన వారానికి లైన్‌మన్ నా పట్టీ పట్టుకొని ఒక్కో మోటారూ చూస్తూ నా మోటారు దగ్గర ఆగాడు.

"ఏంది తాతా, అయిదని రాసినవ్? ఇది ఏడున్నరది గదా!"

రైతులంతా నా వైపు తిరిగారు. అంతకు ముందు ఏడాది పెద్ద మోటారు బిగించి, లెక్క కుదరాలని పట్టీలో పాత అంకే ఉంచాను. ఆ సాయంత్రమే లక్ష్మవ్వ ఇంటికెళ్లి చేతులు జోడించి తప్పు ఒప్పుకున్నాను. ఆమె వైరు మళ్లీ కలిపారు, మడి దక్కింది.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను.

"ఎవలకు చెప్తున్నవయ్యా? నువ్వు యాడ పోయినవ్? దుప్పటి కప్పుకొని పండుకున్నవ్. పోయి కాళ్లు మొక్కింది నేను. గప్పటికే ఆమె మడి సగం ఎండింది."