బొయిపరిగుడ సర్వరుకి పెట్టిన పేరు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లని మధ్యలో ఆపి, "కరెంటు ఉందా లేదా ఆ టైములో?" అని అడిగే రకం నేను. మా బంధువుల్లో నాకు ఆ చెడ్డపేరు ఉంది. దెయ్యాలు లేవనే నా నమ్మకం ఇప్పటికీ మారలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

నేను రాయగడలో ఒక రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లు చూసుకుంటాను. మా తాతల కాలంలో పార్వతీపురం నుంచి వచ్చి ఈ ఒడియా ఊళ్లో బట్టల కొట్టు పెట్టుకున్నాం. నాకు కొట్లో కూర్చునే ఓపిక లేక ఇటు వచ్చాను. ల్యాబుకి పొట్టంగి, కుందుర, బొయిపరిగుడల్లో చిన్న బ్రాంచీలున్నాయి. ఒక్కో చోట ఒక్కో సర్వరు, అంటే ఆ బ్రాంచి రిపోర్టులన్నీ దాచే పెద్ద కంప్యూటరు. ప్రధాన సర్వరు రాయగడలో నా గదిలోనే ఉంటుంది.

నేను చేరేసరికి వాటి పేర్లు చూసి తల పట్టుకున్నాను. ఒకటి "సర్వర్", ఇంకోటి "న్యూ సర్వర్", మరొకటి "న్యూ న్యూ", నాలుగోది "ఫైనల్". ఏది ఏ ఊళ్లో ఉందో తెలియాలంటే నలుగురికి ఫోన్ చెయ్యాలి. నాకు ఇలాంటివి చూస్తే చెయ్యి ఊరుకోదు. గోడ మీద పటం వంకరగా ఉంటే భోజనం సహించని మనిషిని.

అందుకని నదుల పేర్లు పెట్టాను. రాయగడకి నాగావళి, కుందురకి ఇంద్రావతి, పొట్టంగికి వేగావతి, బొయిపరిగుడకి కొలాబ్. ఇంకో నియమం కూడా నేనే పెట్టాను. ఏదైనా సర్వరు పోతే, దాని స్థానంలో వచ్చే కొత్తదానికీ అదే పేరు పెట్టాలి. అప్పుడు బ్రాంచి వాళ్లు ఏమీ మార్చుకోనక్కర్లేదు. మా పనిలో చాలామంది చేసేదే ఇది.

బొయిపరిగుడ కొలాబ్ ఆ ఏడు వానాకాలంలో పిడుగు పడి పోయింది. కొత్తది పెట్టి, దానికీ కొలాబ్ అని పేరిచ్చాం. అది నాలుగు నెలలకే మదర్‌బోర్డు కాలి పోయింది. మూడోది అట్టపెట్టెలో రాయగడ వచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టి తయారుచేస్తున్నాను.

మా రికార్డు గదిలో నరసమ్మ గారని ఒకావిడ పని చేస్తారు. గుణుపూర్ దగ్గర వ్యవసాయం చేసుకునే శ్రీకాకుళం వాళ్ల కుటుంబం. భర్త పోయాక ల్యాబులో చేరారు. కాయితాలు కట్టలు కడుతూ, నేను స్క్రీను మీద మళ్లీ కొలాబ్ అని కొట్టడం చూశారు.

"బాబూ, తప్పుగా అనుకోకు. సచ్చిపోనదాని పేరే మల్లీ ఎడతారేటి? ఎట్టకూడదు. మా సిన్నాడపడుసుకి ఇద్దరు ఆడగుంటలు పోనారు. మూడో గుంటకి పెంటి అని ఎట్టేరు. ఆ గుంట బతికినాది. ఇప్పుడు దానికే ముగ్గురు పిల్లలు."

మిషనుకి ఇవన్నీ ఏమిటని నవ్వాలి నేను. నవ్వు రాలేదు.

మాకు ఇద్దరు ఆడపిల్లలు పోయారు. మొదటిది తొమ్మిది రోజులు బతికింది. రెండోది ఊపిరి లేకుండానే పుట్టింది. పెళ్లయిన కొత్తలోనే నా భార్య సుజాత, కూతురు పుడితే సహస్ర అని పిలవాలని అనుకుని పెట్టుకుంది. మొదటిదాన్ని ఆ తొమ్మిది రోజులూ అదే పేరుతో పిలిచాం. రెండోది కడుపులో ఉన్నప్పుడు కూడా ఆ పేరే. అప్పటికి సుజాతకి మళ్లీ ఐదో నెల. పేరు మాత్రం అదే. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. నరసమ్మ గారికి అసలే తెలియదు.

పిల్లలు దక్కని ఇళ్లలో, తర్వాత పుట్టిన బిడ్డని పెంటకుప్ప మీద ఒకసారి పడుకోబెట్టి, ఎవరో పారేస్తే ఏరి తెచ్చుకున్నట్టు తెచ్చుకుని, పెంటయ్య అనో పెంటమ్మ అనో పిలవడం మా వైపు ఉంది. ఎవరికీ అక్కర్లేని పిల్ల అనుకుని మృత్యువు కూడా పట్టించుకోదని. నాకు అది వింటే చిరాకు. కానీ ఆ రోజు కొలాబ్ అని కొట్టింది చెరిపేసి, ఇంగ్లీషు అక్షరాల్లో పెంటి అని కొట్టాను. నరసమ్మ గారి మాట తీసెయ్యలేక పెట్టానని నాకు నేను చెప్పుకున్నాను.

పెంటి బొయిపరిగుడ వెళ్లింది. వెళ్లిన వారంలోనే అక్కడ మళ్లీ పిడుగు పడింది. ల్యాబులో ఫ్రిజ్జు పోయింది, ఫ్యాను పోయింది, పెంటికి ఏమీ కాలేదు. మంచి స్టెబిలైజరు పెట్టాం కదా అనుకున్నాను. పెట్టాం కూడా.

సుజాత పుట్టిల్లు కోరాపుట్. వాళ్ల నాన్నకి అక్కడ హోల్‌సేల్ కిరాణా ఉంది. ఏడున్నర నెలలకే నొప్పులొచ్చి, ఆడపిల్ల పుట్టింది. నా రెండు అరచేతుల్లో పట్టేంత ఉంది. అక్కడి ఒక ఆసుపత్రిలో, నెలలు నిండని పిల్లల్ని ఉంచే గదిలో పెట్టారు. మా ల్యాబుకీ ఆ ఆసుపత్రికీ ఏ సంబంధం లేదు. వాళ్ల కంప్యూటర్లు వేరు, మా కంప్యూటర్లు వేరు. వాటి మధ్య ఒక్క తీగ కూడా లేదు. ఇది బాగా గుర్తుంచుకోండి.

పిల్ల అప్పుడప్పుడు ఊపిరి తియ్యడం మర్చిపోయేది. అలా ఆగినప్పుడల్లా మిషను కూసేది, నర్సు వచ్చి అరికాలు మీద తట్టేది, మళ్లీ మొదలయ్యేది. నేను గాజు అవతల నిలబడి దాని పొట్ట కదలడం లెక్కపెట్టేవాణ్ణి. భయం వేసేదని వేరే చెప్పాలా.

ఆరో రోజు భువనేశ్వర్‌లో ఉండే మా పెద్దాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. అన్ని బ్రాంచీల సర్వర్లకీ ఒకే పద్ధతిలో పేర్లుండాలి. ముందు ఊరి గుర్తు, తర్వాత ల్యాబు, తర్వాత అంకె. నదులూ దేవుళ్లూ ఏవీ ఉండకూడదు. రెండు రోజుల్లో మార్చి తెలియజేయాలి. ఆ పని రాయగడలో నా గదిలో కూర్చునే చెయ్యాలి.

ఎనిమిదో రోజు తెల్లారే కోరాపుట్‌లో బస్సెక్కి పదింటికల్లా రాయగడ చేరాను. దారంతా కూర్చోలేకపోయాను. లక్ష్మీపూర్‌లో బస్సు ఆగితే దిగాను, ఎక్కాను, మళ్లీ దిగాను. కండక్టరు నన్ను వింతగా చూశాడు. ఆఫీసుకి చేరగానే సుజాతకి ఫోన్ చేశాను.

"పొద్దుట్నుంచీ రెండుసార్లు ఆగిపోయింది. రెండోసారి శానా సేపు ఆగినాది. మీరు బేగి వచ్చేయండి," అంది.

అయినా పని మొదలుపెట్టాను. నాగావళి మార్చాను, ఇంద్రావతి మార్చాను, వేగావతి మార్చాను. పెంటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. లేచి నీళ్లు తాగొచ్చాను. కిటికీ తీశాను, మూశాను. నా మీద నాకే కోపం వచ్చింది. ఇనప డబ్బా పేరు మార్చడానికి ఇంత ఆలోచనా అనుకుని, కూర్చుని మార్చేశాను. నేను ఏ మార్పు చేసినా టైము నోటుబుక్కులో రాస్తాను. పదకొండు ఇరవై రెండు అని రాశాను.

నాలుగింటికి కోరాపుట్ చేరాను. సుజాత ఆ గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచింది. ముఖం ఎర్రగా ఉంది.

"ఎవలు సెప్పేరు ఆ పేరెట్టమని? నా కూతురు పెంటకుప్ప మీద దొరికిందేటండీ?"

నాకు అర్థం కాలేదు. లోపలికి తీసుకెళ్లి చూపించింది. పిల్ల తొట్టెకి ఒక కాయితం అంటిస్తారు. నిన్నటిదాకా దాని మీద "సుజాత బిడ్డ" అని, బరువు, నంబరు ఉండేవి. ఇప్పుడు నంబరు అదే, బరువు ఆ రోజుది. పేరు దగ్గర మాత్రం ఇంగ్లీషులో పెంటి అని అచ్చయి ఉంది.

మా మిషనుకి ఆ పేరు పెట్టినట్టు సుజాతకి నేను ఎప్పుడూ చెప్పలేదు. మా అత్తవారికి అసలు తెలియదు. నరసమ్మ గారికి మిషను సంగతి తెలుసుగానీ మేం ఏ ఆసుపత్రిలో ఉన్నామో తెలియదు.

నర్సు ఒడియా అమ్మాయి. నా ఒడియాలో అడిగాను. రోజూ పొద్దున బరువులు చూశాక అందరి కాయితాలూ ఒకేసారి కొత్తగా తీస్తామని, ఇది అలాగే వచ్చిందని, మేమే పేరు రాయించుకున్నామేమో అనుకుని అంటించేశానని చెప్పింది. కాయితం కింద అచ్చయిన టైము ఉంటుంది. వంగి చూశాను. పదకొండు ఇరవై రెండు.

నాది కంప్యూటర్ల పనేనని చెప్పి, బతిమాలి, వాళ్ల స్క్రీను చూశాను. అందులో "సుజాత బిడ్డ" అనే ఉంది. పెంటి అని వెతికితే ఏమీ దొరకలేదు. ఎవరైనా మార్చి మళ్లీ సరిచేసిన గుర్తు కూడా లేదు. ఇంకోసారి అచ్చు తీయించాను. "సుజాత బిడ్డ" అనే వచ్చింది. కొత్త కాయితం అంటించి పాతది నా చేతికిచ్చారు.

ఆ పగలు పదకొండు తర్వాత పిల్ల ఊపిరి మళ్లీ ఆగలేదు. ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ ఒక్కసారి కూడా ఆగలేదు. డాక్టరు గారు, ఇలాంటి పిల్లలకి ఒక దశలో దానంతట అదే సర్దుకుంటుంది, ఆశ్చర్యమేమీ లేదు అన్నారు. ఆయన మాట నిజమే అయ్యుంటుంది. ఇరవై ఆరో రోజున ఇంటికి పంపించేశారు.

బొయిపరిగుడ సర్వరు మాత్రం పేరు మార్చిన తొమ్మిదో రోజున పోయింది. పిడుగు లేదు, వాన లేదు. దాని తర్వాత వచ్చినది అంకెల పేరుతోనే ఇప్పటికీ నడుస్తోంది. అదీ చెప్పాలి కదా.

జరిగిందంతా సుజాతకి చెప్పేశాను. మిషను సంగతీ, నోటుబుక్కు సంగతీ. మొదట నమ్మలేదు. నమ్మాక ఇంకా కోపం వచ్చింది. ఆ పేరు మన ఇంట్లో ఎవరూ పలకకూడదని ఒట్టు పెట్టించుకుంది. బారసాల రోజు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో సహస్ర అని రాశాను. రాస్తున్నంతసేపూ లోపల గాబరాగానే ఉంది. అన్న మాట ప్రకారం ఆ పేరు ఇద్దరం ఎప్పుడూ పలకలేదు. ముందు పోయిన ఇద్దరి సంగతి కూడా పిల్లకి చెప్పలేదు. చెప్పే వయసు కాదు.

సహస్రకి ఐదేళ్లొచ్చాక ఒక ఆదివారం జ్వరం వచ్చింది. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతోంది. ఆటో కోసం మనిషిని పంపి, తడిగుడ్డ వేస్తున్నాం. ఉన్నట్టుండి పిల్ల కళ్లు తేలేసింది.

సుజాత పిలుస్తోంది. సహస్రా, సహస్రా, అమ్మీ, ఇటు సూడు. పలకలేదు. నేను బుగ్గ తట్టి పిలిచాను. పలకలేదు. ఇది మూడోది, ఇది కూడా అయిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు సుజాత పిల్ల చెవి దగ్గరికి వంగింది. నాతో ఒట్టు పెట్టించుకున్న మనిషి, "పెంటీ" అని పిలిచింది.

పిల్ల కళ్లు తెరిచింది. "ఏటమ్మా," అంది. పదిసార్లు పిలిస్తే విసుక్కుంటూ పలికినట్టు పలికింది.

మలేరియా అని మా ల్యాబులోనే తేలింది. మందులు పడ్డాయి, వారంలో లేచి తిరిగింది. లేచాక ఒకరోజు అన్నం తినిపిస్తూ, మామూలుగా అడిగినట్టు అడిగాను.

"అమ్మీ, పెంటి అంటే ఎవరు?"

"నేనే కదా."

"అలా ఎవరు పిలుస్తారు నిన్ను?"

"అక్కలు," అంది. నోట్లో ముద్ద ఉంది, నావైపు చూడను కూడా లేదు.

మా వీధిలో దానికన్నా పెద్ద ఆడపిల్లలు లేరు. బడి ఒడియా బడి, పెద్ద ఆడపిల్లల్ని అందరూ దీదీ అంటారు, అక్క అనే మాట అక్కడ ఎవరికీ తెలియదు. అయినా బడికి వెళ్లి టీచర్లని అడిగాను. చుట్టాలకి ఫోన్లు చేశాను. నరసమ్మ గారిని కూడా అడిగాను. ఆ పేరు పిల్లకి ఎవరూ చెప్పలేదన్నారు. ఎంతమంది అక్కలని పిల్లని అడగడానికి మాత్రం నాకు ధైర్యం చాల్లేదు.

ఆ రోజు నుంచి సుజాత ఇంట్లో దాన్ని పెంటి అనే పిలుస్తోంది. అందరి ముందూ, గట్టిగానే. ఒట్టు సంగతి గుర్తు చేశాను. పప్పు కలుపుతున్నది ఆపకుండానే జవాబు చెప్పింది.

"ఆల్లిద్దరూ అంత పేనమెట్టి పిలుస్తంటే, మనకేటండీ నామోషీ?"

నోటుబుక్కులో రాసిన టైముకీ, ఆ కాయితం మీది టైముకీ, పిల్ల చెప్పిన మాటకీ కారణం ఏమిటో నేను ఎంత వెతికినా దొరకలేదు. ఇప్పుడు నేనూ దాన్ని పెంటి అనే పిలుస్తున్నాను. ఒక్క పిలుపుకే పలుకుతుంది.