పన్నెండో నంబరు పేజీ

కింది వాటావాళ్ళు కొత్త కూలరు కొన్నారు. మధ్యాహ్నం నీళ్ళు పోసి తిప్పగానే తడిసిన వట్టివేళ్ళ వాసన నా కిటికీ దాకా వస్తుంది. కర్నూలులో నేను పనిచేసిన కళాశాల కంప్యూటరు గదిలో వేసవంతా అదే వాసన. నా పక్క కుర్చీ జులేఖాది.

జులేఖా రోజూ నందికొట్కూరు నుంచి బస్సులో వచ్చేది. 2006లో ఆమెకు ముప్పై ఒకటి, నాకు నలభై ఎనిమిది. ఇరవై రెండేళ్ళు అదే కళాశాల ఆఫీసులో రిజిస్టర్లు రాసి, ఇక కాగితాలకు రోజులు కావని తెలిసి ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. నేర్పింది ఆమే. నేర్పిన మనిషి మీద అసూయ పడకూడదని తెలుసు. అయినా పడ్డాను. ప్రిన్సిపాల్ గారు ఎవరిని ఎన్నిసార్లు పిలుస్తారో డైరీలో గీతలు పెట్టేదాన్ని. ఒక వారం ఆమెకు పదకొండు, నాకు రెండు. ఆ రెండింటిలో ఒకటి, జులేఖా ఎక్కడుందని అడగడానికి.

ఆ ఏప్రిల్‌లో సిబ్బంది అరవై నాలుగు మందికీ ఒక వెబ్‌సైటు తయారుచేశాం. ఎవరు లాగిన్ అయితే వాళ్ళ సెలవు కాగితాలు, వాళ్ళు రాసిన శిక్షణ పరీక్షల మార్కులు వాళ్ళకు కనిపించాలి. లాగిన్ భాగం జులేఖా రాసింది. లోపలికి వచ్చిన మనిషికి ఏ సమాచారం తీసి ఇవ్వాలో చూసే భాగాన్ని కంట్రోలర్ అంటాం. అది నాకు అప్పగించింది. రిజిస్టరు అలవాటు కొద్దీ నంబరును పట్టుకొని రాశాను. వెబ్ అడ్రసు చివర ఉద్యోగి నంబరు ఉంటుంది, కంట్రోలర్ ఆ నంబరు పేజీ తీసి ఇస్తుంది. నాది ముప్పై ఏడు. మూడుసార్లు సరిచూశాను. మూడుసార్లూ నా పేజీయే చూసుకున్నాను.

హైదరాబాదులో ఆరు వారాల శిక్షణకు మా గదినుంచి ఒక్కరినే పంపుతామన్నారు. ఇద్దరమూ పరీక్ష రాశాం. బుధవారం మార్కులు సైటులో పెట్టారు. నాకు అరవై ఒకటి. ఆమెకెన్నో ఆమె ముఖం చూస్తే తెలియలేదు. ఆమె భోజనానికి లేచి వెళ్ళాక, అడ్రసులో ముప్పై ఏడు చెరిపి పన్నెండు కొట్టాను. పన్నెండు ఆమె నంబరు. రాదనుకొనే కొట్టానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. వచ్చింది. నాలుగు భాగాల మార్కులు, కింద మొత్తం యాభై ఆరు. నాకంటే ఐదు తక్కువ. నాకు కలిగిన సంతోషాన్ని చూడటానికి గదిలో ఎవరూ లేకపోవడం మంచిదయింది. కానీ అంకెలు వరసగా కనిపిస్తే కూడకుండా ఉండలేను. పదిహేడు, పద్నాలుగు, పద్దెనిమిది, పదహారు. అరవై ఐదు. ఎక్కించినవాళ్ళు రెండంకెలూ తారుమారు చేశారు.

గురువారం తన డబ్బాలోని జొన్నరొట్టె నాకు తుంచి పెడుతూ, "నీకే వస్తుందిలే అక్కా, నాకు శానా తక్కువొచ్చినాయి" అంది. రొట్టె తిన్నాను, కూడిక తప్పని చెప్పలేదు. శుక్రవారమూ చెప్పలేదు. సోమవారం ఉత్తర్వు మీద సంతకం అవుతుంది. శనివారం పొద్దున చెప్పేశాను. నిజాయితీ అనలేను. ఒక కూడిక తప్పని తెలిసి దిద్దకుండా ఉండటం నా చేత కాలేదు.

"నీ మార్కులు అరవై ఐదు. కూడిక తప్పు."

"నీకెట్ల తెలుసక్కా?"

"నీ పేజీ చూసినా." ఎలా చూశానో చేసి చూపించాను.

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. మార్కుల మాట ఎత్తలేదు. "నాదొక్కటే చూసినావా?"

"నీదొక్కటే."

"ఇంకెవరన్నా ఇట్ల చూసింటారా? సెలవు కాగితాల్లో ఆడోళ్ళు ఏమేం రాసింటారో నీకు తెల్దా?"

తెలుసు. ఇరవై రెండేళ్ళు ఆ కాగితాలను బీరువాలో పెట్టి తాళంచెవి నడుముకు దోపుకున్నది నేనే.

"రిజిస్టర్లున్నప్పుడు ఎవరన్నా వచ్చి పన్నెండో పేజీ తియ్యమంటే తీసిచ్చేదానివా?"

"ముఖం చూసి, వాళ్ళదైతేనే ఇచ్చేదాన్ని."

"మరి ఈడ ఎందుకు చూడలేదు? లాగిన్ అయినప్పుడే మనిషెవరో మనకు తెలిసిపాయె. మళ్ళా నంబరు వాళ్ళనే అడుగుతాండావు. ఆ తెలిసినదాన్నుంచే తీసుకో."

మీట నా చేతనే కొట్టించింది. ప్రోగ్రాములో అడ్రసులోని నంబరును నమ్మే వరుస తీసేసి, లాగిన్ అయిన మనిషినే అడిగే వరుస రాశాను. పన్నెండు కొట్టాను. నా పేజీ వచ్చింది. "ఇంకోటి కొట్టు" అంది. కొట్టాను. ఏ నంబరు కొట్టినా నా అరవై ఒకటే వచ్చింది.

"ఇప్పుడు సారు దగ్గరికి పోదాం. ఎట్ల తెలిసిందంటే ఏం చెప్తావు?"

"చూసినా అని చెప్తా."

"చెప్పు. నేను పక్కనే నిలబడతా."

నిలబడింది. నాకు మెమో వచ్చింది, ఆమెకు హైదరాబాదు వచ్చింది. నలభై రెండు రోజులూ డైరీలో ఒక్కొక్కటే కొట్టేస్తూ కుళ్ళుకున్నాను.

ఇప్పుడు ఏ సైటు తెరిచినా, అడ్రసులో నంబరు కనిపిస్తే మార్చి చూడాలని వేలు లేస్తుంది. దించుకుంటాను. ఆ మార్కుల మీద అసూయ ఎప్పుడో పోయింది. పోనిది వేరే ఉంది. మూడు రోజులు నాకు కనిపించినవి రెండే పేజీలు, నాదీ ఆమెదీ. తన అరవై ఐదు ఎదురుగా పెట్టుకొని కూడా ఆమె ముందు అడిగింది మిగిలిన అరవై రెండింటి గురించి. బీరువా తాళంచెవి మోసిన నాకు రావలసిన ప్రశ్న అది. ఆమెకు వచ్చింది.