నా కారుకు ఆయన ఫ్లైవీల్

కారు నాది. నా జీతంతోని కొన్నది, కాయితాలు నా పేరు మీదున్నయ్, పొద్దున మాపు నడిపేది నేను. ఈ ముచ్చట కరీంనగర్ వర్క్‌షాపాయనకు ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కలే. నేను అడుగుతుంటె ఆయన నా పక్కకున్న మా ఆయన మొఖం చూసుకుంట జవాబు చెప్తుండె.

చిన్న కారే గని టర్బో ఇంజన్. యాక్సిలరేటర్ మీద కాలు పెడితె కడుపుల ఝల్లుమంటది. నాకదే ఇష్టం. టీచరమ్మకు గింత ఉరికే కారెందుకని అడిగినోళ్లు మస్తుమంది, నాకేం ఫికర్ లేదు. ఇంజన్ జోరు ఇంకొంచెం పెంచిపిచ్చినంక పాత క్లచ్ తట్టుకోలే. ఇంజన్ అరుస్తుండె, కారు మాత్రం ముందుకు ఉరుకకపోతుండె. క్లచ్ ఎట్లాగు మార్చాలె, అదే చేతితోని ఫ్లైవీల్ గూడ మారుద్దామనుకున్న.

ఫ్లైవీల్ అంటె ఇంజన్ ఎనుక తిరిగే ఇనుప చక్రం. ఇసుర్రాయి లెక్కనే. బరువు రాయి చెయ్యి ఇడిసినా జరసేపు తిరుగుతది, తేల్క రాయి టక్కున ఆగుతది. చక్రం బరువు తగ్గిస్తె ఇంజన్ చటుక్కున లేస్తది, చటుక్కున పడిపోతది. ఖాళీ రోడ్డు మీద మజా ఉంటది గని, మెల్లగ కదిలేకాడ క్లచ్ ఇడువంగనే బందయితది. నేను బండి నేర్చుకున్నదే ఉట్నూర్ల, మొదటి పోస్టింగ్ల, ఒక పాత జీపు మీద. దాని చక్రం బరువుది, యాక్సిలరేటర్ తొక్కకున్నా మెల్లగ గుట్ట ఎక్కుతుండె. ఈ తేడా నాకు ఒకరు చెప్పాల్నా?

అందుకే షాపుల సాఫ్ సీదా చెప్పిన. "మేం నస్పూర్ల ఉంటం. నేను దినాం బొగ్గు టిప్పర్ల ఎనుక పాకుకుంట పోవాలె. బొగ్గు బాయి షిఫ్టు ఇడిసే యాళ్లకైతే నడిచేటోళ్లు నాకన్న ముందు పోతరు. జర బరువు తగ్గిన ఫ్లైవీల్ చాలు, మరీ తేల్కది వద్దు. క్లచ్ ప్లేటు మెత్తగ పట్టుకునేది, స్ప్రింగులున్నది ఇయ్యుండ్రి" అన్న.

"సార్, మీరేమంటరు?" అన్నడు షాపాయన. "ఇసొంటి కారుకు రేసు కిట్టే పెట్టాలె. అన్నిట్ల తేల్క ఫ్లైవీల్, దానికి బటన్ క్లచ్."

మా ఆయన బాయిల పనిచేస్తడు, డ్యూటీకి బైకు మీద పోతడు. నా కారు పట్టేది ఎప్పుడో ఒకసారి, అదిగూడ రోడ్డు ఖాళీగ ఉంటెనే. గసొంటాయన గడ్డం గోకుకుంట, "తేల్కదే పెట్టుండ్రి అన్నా. ఆమెకేం తెలుసు, అలవాటైతది" అన్నడు.

నా ముంగట్నే! ఒళ్లు మండిపోయింది. నలుగురు చూస్తుండ్రు, ఇంకా కొట్లాడితె మొగని పరువు తీసినట్టయితదని ఊకున్న, రేసు కిట్టే పెట్టిండ్రు. ఈ పరువు సంగతి ఎప్పుడు నాకొక్కదానికే ఎందుకు యాదికొస్తదో!

బటన్ క్లచ్‌కు నడిమిట్ల అనేది లేదు. పట్టుకుంటె గట్టిగ పట్టుకుంటది, లేకుంటె అసలే పట్టుకోదు. పెడల్ తొక్కితె పిక్కలు పట్టేస్తుండె. రైల్వే బ్రిడ్జి ఎత్తు మీద టిప్పర్ల నడుమ ఆగిన. క్లచ్ ఇడిసిన, బంద్. మళ్ల స్టార్ట్ చేసిన, ఒక్క దుంకు దుంకి మళ్ల బంద్. ఎనుక టిప్పరోడు హారన్ మీదికెల్లి చెయ్యి తీస్తలేడు. బైకు మీద ఒకడు పక్కకొచ్చి, "ఎందుకమ్మా నీకీ బండ్లు, ఆటోల పోరాదు?" అనుకుంట పోయిండు. నా బడి పిల్లలు సైకిళ్లు ఆపి చూస్తుండ్రు. తల కొట్టేసినట్టయింది.

ఇంట్ల చెప్తె మా ఆయన ఏమన్నడో ఎరుకేనా? "కారు మంచిగనే ఉంది. నీ కాలుకే సోయి లేదు." తెల్లారి కాలనీ గ్రౌండ్ల నాకు క్లచ్ ఇడుసుడు నేర్పుడు మొదలువెట్టిండు. నాకు! ఉట్నూర్ గుట్టల జీపు నడిపినదానికి! "మెల్లగ... మెల్లగ ఇడువు" అనుకుంట. వాకిట్లల్ల నిలవడి అందరు చూసుడు.

అట్ల రోజు అనంగ అనంగ నాకే అనుమానం వట్టింది. నిజంగనే నాకు నడుపుడు రాదా? తాళం చెవి గోడకు తగిలిచ్చి ఆటోల బడికి పోవుడు వెట్టిన. నా కారు ఇంటి ముంగట, నేను ఆటోల. తల్సుకుంటె ఇప్పటికి ఏడుపొస్తది, కోపం అంతకన్న ఎక్కువొస్తది.

మా అత్తకు మోకాళ్ల నొప్పులు, ఆదివారం చర్చికి కార్లనే రావాలె. నేను నడుపనంటె మా ఆయనే కూసున్నడు. కాలనీ దాటకముందే బంద్. స్టార్ట్ చేసిండు, మళ్ల బంద్. నా దిక్కు గుర్రున చూసి, "నీ తొక్కుడుకు క్లచ్ పాడైంది" అన్నడు.

ఎనుక సీట్లకెల్లి మా అత్త, "అరే, నీ చేతుల ఆగినా తప్పు దానిదేనారా?" అన్నది.

ఆయన మళ్ల తాళం తిప్పిండు. నాకైతె కళ్లు తెరుచుకున్నయ్. తప్పు నా కాలుది కాదు!

బడికి సెలవు పెట్టిన. ఆయన డ్యూటీకి పోంగనే, చొప్పదండి మీదికెల్లి, ఆగుకుంట దునుకుకుంట కరీంనగర్ చేరిన. ఇంకో షాపుకు పోయి, "కారు నాది, మాట్లాడేది నాతోని" అని మొదాలే చెప్పిన. మధ్య రకం బరువున్న స్టీల్ ఫ్లైవీల్, స్ప్రింగులున్న మెత్తటి క్లచ్ ప్లేటు, నేను ముందుగాల అడిగినయే పెట్టిపిచ్చుకున్న. తిరిగొచ్చేటప్పుడు టిప్పర్ల ఎనుక కారు చెప్పినట్టు ఇన్నది. ఒక్కదాన్నే కార్ల నవ్వుకున్న. ఇంట్ల మాత్రం చెప్పలే, ఎవరన్న అడిగితె గద!

ఆదివారం నేనే నడిపిన. ఆయన పక్క సీట్ల కూసోని నా కాలు దిక్కే చూస్తుండె. సమజైనట్టుంది, మాఫీ అడుగుతడేమో అనుకున్న.

ప్రార్థన అయినంక చర్చి ముంగట సంఘం పెద్దమనిషి ఒకాయన, "ఏమమ్మా, ఇయ్యాల కారు మస్తు సాఫీగ వచ్చిందే!" అన్నడు. నేను నోరు తెరిచేలోపట్నే మా ఆయన అందుకున్నడు. "కారుకేమైతది అన్నా? ఇన్నొద్దులు ఆమెకు కాలు కుదురలే. గ్రౌండ్ల రోజు నేనే నేర్పిన. ఇగ నేర్చుకున్నది."

అరికాలి మంట నెత్తికెక్కింది. మా అత్తను కార్ల కూసోవెట్టిన, డిక్కీ తెరిచిన. షాపోళ్లు ఊడదీసి గోనెసంచిల కట్టిచ్చిన ఆ తేల్క ఫ్లైవీల్ తీసి, ఆయన తెల్లంగీకి ఆనిచ్చి చేతుల పెట్టిన.

"నువ్వు కొనిపిచ్చిందే. ఇది తీపిచ్చినంకనే నా కాలు కుదిరింది" అన్న.

పెద్దమనిషి ఆయన మొఖం చూసిండు. ఆయన కారు దిక్కు రెండడుగులు ఏసేలోపట నేను స్టార్ట్ చేసి, క్లచ్ మెల్లగ ఇడిసిన.

"తేల్కదే గద, మోసుకరా!"