తీసేసిన లైన్లో మూడు నిమిషాలు

మా నాన్న చర్చిలో పాస్టరు. దెయ్యాల మాట మా ఇంట్లో ఎత్తనిచ్చేవారు కాదు. నేనూ ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

డెబ్బైల్లో బెజవాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో టెంపరరీ ఆపరేటరుగా చేరాను. ప్రతి నంబరుకీ సొరుగులో ఒక కార్డు ఉండేది, ఆ లైను ఉందో తీసేశారో దాని మీద రాసేవాళ్లు. పొద్దున్నే కార్డులు చూసి ఎవరి చీటీలో వాళ్లం రాసుకునేవాళ్లం. తర్వాత ఎవరైనా కార్డు దిద్దితే మా చీటీ పాతబడిపోతుంది. అందుకే కాల్ కలిపేముందు కార్డు మళ్లీ చూడాలని రూలు. రద్దీలో ఎవరు లేస్తారు? సొరుగు పక్కన కూర్చున్నవాళ్లని అడిగి కానిచ్చేవాళ్లం. ఆ సీటు సరళక్కది. నాకు పని నేర్పింది ఆవిడే. సొంత అక్కకంటే ఎక్కువగా నమ్మాను.

ఆ రోజు పదకొండింటికి మైలవరం నుంచి రహీం గారనే మామిడిపళ్ల వ్యాపారి, బెజవాడ పటమటలో ఉన్న తన స్నేహితుడి నంబరు అడిగారు.

"అక్కా, కార్డేమైనా మారిందా?" అన్నాను.

"ఏం మారలేదులే, కలిపెయ్యవే" అంది, తల తిప్పకుండానే.

చీటీ చూసి కలిపాను. అవతల ఎవరో పెద్దాయన దగ్గి, హలో అన్నారు. మూడు నిమిషాలు మాట్లాడుకున్నారు. ఎంతసేపు మాట్లాడారో కాల్ టికెట్ మీద నేనే రాశాను.

మర్నాడు రహీం గారు పళ్లబుట్టతో స్నేహితుడింటికి వెళితే, గోడమీద దండ వేసిన ఫోటో కనబడింది. ఆయన పోయి పదిరోజులైందట. నేను కాల్ కలిపిన రోజు పొద్దున తొమ్మిదింటికే లైన్‌మన్ తీగ కత్తిరించి ఫోను పట్టుకుపోయాడట. కార్డు మీద ఆ సంగతి సరళక్క చేతిరాతతోనే ఉంది, పది గంటలని టైము కూడా వేసి.

రహీం గారు ఆ బుట్టతోనే ఎక్స్ఛేంజికి వచ్చేశారు. సూపర్‌వైజరు గారు నన్నూ, సరళక్కనూ పిలిపించారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అక్కను అడిగే కలిపానని చెప్పాను.

"నన్నెప్పుడు అడిగిందండీ? అసలు అడగనే లేదు" అంది సరళక్క, నా మొహంలోకి చూస్తూనే.

ఏడుపొచ్చింది.

అప్పుడు రహీం గారు నెమ్మదిగా అన్నారు. "పెట్టేసేముందు వాడొక మాటన్నాడండీ. 'ఆ పిల్ల అడిగిందిరా, పక్కనావిడే చూడకుండా చెప్పింది' అని. ఏ పిల్లో ఏమిటో నాకప్పుడు అర్థం కాలేదు."

సూపర్‌వైజరు గారు సరళక్క రాసిన కార్డు మరోసారి చూసి, నన్ను నా సీటుకి వెళ్లమన్నారు. నా ఉద్యోగం నిలిచింది. సరళక్క మళ్లీ నన్ను పలకరించలేదు, నేనూ పలకరించలేదు.

తీగ లేని లైన్లో ఎవరు మాట్లాడారో నాకు ఈనాటికీ తెలియదు. తెలియకపోయినా నిద్రపడుతుంది. నాకు అంతుపట్టనిది సరళక్క సంగతే. మరిచిపోయానే అని ఆ రోజు ఒక్క మాట అనివుంటే, తప్పు నేనే నా మీద వేసుకునేదాన్ని.