సోడాలో ఉడికించిన సముద్రం

కళ్ళలో వేసుకునే మందు రాయించుకుందామని మొన్న హిందూపురంలో కొత్తగా కట్టిన ఒక కంటి ఆసుపత్రికి వెళ్ళాను. లోపల అడుగు పెట్టగానే గోడ పొడవునా ఒక అద్దాల తొట్టి, అందులో నీలం దీపాలు, బుడబుడమని గాలి ఊదే యంత్రాలు, పసుపూ నారింజా రంగుల సముద్రపు చేపలు కనిపించాయి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకున్న ఒకతను తొట్టిలోంచి రాళ్ళు తీసి బకెట్‌లో వేసుకుని, సీసాలోంచి ఏదో మందు పోసి, అవి పాలలా తెల్లబడేదాకా బ్రష్షుతో తోముతున్నాడు. ఆ బకెట్ మీంచి లేచిన వాసన ముక్కుకు తగలగానే లోపల నిలవలేకపోయాను. బయటికి వెళ్ళి గోడ పట్టుకుని నిలబడ్డాను. అతను మంచివాడే, నా వెనకాలే వచ్చి, "ఏం తాతా, చేపల వాసన పడదా నీకు?" అని మంచినీళ్ళు ఇచ్చాడు. తల ఊపాను. నాకు పడనిది చేపల వాసన కాదు. ఆ శుభ్రం వాసన.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మన వైపు చాలామందికి సముద్రమంటే గోడకు తగిలించిన పటంలో నీలం రంగు, అంతే. అరవైల తొలి సంవత్సరాలలో నేను పెనుకొండ ఉన్నత పాఠశాలలో సైన్సు గదికి సహాయకుడిగా చేరాను. మాది ధర్మవరం, పట్టుకు రంగులు అద్దే ఇల్లు. మా నాయన పోయాక నన్ను చదివించినవాడు మా చిన్నాయన. ఆయన అదే పాఠశాలలో అదే సైన్సు గదికి బంట్రోతు, అదీ టెంపరరీ. కులవృత్తి వదిలి ఆయన బంట్రోతు పనికి ఎందుకు వచ్చాడో చెప్పాలంటే ముందు మా ఇంటి పని గురించి చెప్పాలి.

పచ్చి పట్టుకు ఒంటినిండా జిగురు ఉంటుంది. సబ్బూ చాకలి సోడా కలిపిన నీళ్ళను రాగి బానలో మరిగించి, పట్టు దారపు చిలపలను అందులో ముంచి తిప్పి తిప్పి ఆ జిగురు వదిలిస్తేగాని మెరుగు రాదు, రంగు పట్టదు. ఆ పని మా చిన్నాయన ఇరవై ఏళ్ళు చేశాడు. సోడా నీళ్ళు ఆయన చేతులను తినేశాయి. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి, నెత్తురు కారి, మానినట్టే మాని మళ్ళీ పగిలేది. ఇక సోడాలో చెయ్యి పెడితే వేళ్ళే మిగలవని డాక్టరు చెప్పాక, సైన్సు అయ్యవారు దయతలచి ఆయనను పాఠశాలకు తెచ్చుకున్నారు. రెండేళ్ళలో చేతులు మానాయి. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు నాలుగు మంచి మాటలు రాస్తే ఉద్యోగం పర్మనెంటు అవుతుందని అందరూ అనుకునేవారు.

ఆ నాలుగు మాటలు రాయించగలిగింది ఒక్కటే, మా గదిలోని సముద్రం.

సైన్సు అయ్యవారికి ఆ పిచ్చి ఉండేది. ఆయన అత్తవారిది మద్రాసు. వెళ్ళినప్పుడల్లా కొత్త ఊరగాయ జాడీలు నాలుగు కొని, వాటినిండా సముద్రపు నీళ్ళు, ఇసుక, నాచు పట్టిన రాళ్ళు నింపి, మూతులకు గుడ్డ కట్టి, పాకాల మీదుగా ధర్మవరం, ధర్మవరంలో బండి మారి పెనుకొండ చేర్చేవారు. టేకు చట్రంలో అద్దాలు బిగించి, సందుల్లో గుగ్గిలం కాచి పోసిన తొట్టి అది. అందులో నల్లచారల చిన్న చేపలు మూడు, శంఖంలో దూరి బతికే పీత ఒకటి, అరడజను నత్తలు, ఒక రాతికి అతుక్కుని ఎండ తగిలితే చామంతిలా విచ్చుకునే ప్రాణి ఒకటి ఉండేవి. తెచ్చింది అయ్యవారైనా బతికించింది మా చిన్నాయనే. కరెంటు లేదు, యంత్రం లేదు, మందూ లేదు. పొద్దున తూర్పు కిటికీ తెరిచి ఎండ పడనిచ్చి, ఎండ ముదిరేసరికి తడి గోనెపట్ట కప్పేవాడు. రెండు పూటలా చెంబుతో నీళ్ళు ముంచి, కాఫీ చల్లార్చినట్టు ఎత్తునుంచి తిరిగి అందులోనే పోస్తూ గాలి కలిపేవాడు. నీళ్ళు ఆవిరైతే ఉప్పు ఆవిరవదు గనుక, అద్దం మీద గీసుకున్న గీతదాకా వాననీళ్ళు మాత్రమే చేర్చేవాడు. పెనుకొండలో వాన ఎంతని? పడిన నాలుగు చినుకులనూ బడి కప్పు కింద బానలో పట్టి, తాగే నీళ్ళకంటే భద్రంగా దాచేవాడు. ఖాళీ అత్తరు సీసాలో ఇసుక పోసి లక్కతో మూసి నీళ్ళలో వదిలాడు. అది మెడదాకా మునిగి తేలాలి, అంతకంటే పైకి లేచిందంటే ఉప్పు ఎక్కువైనట్టు. మేత అంటారా, గోరంత వానపాము ముక్క, అదీ దినం విడిచి దినం. మిగిలింది పీత తినేది, అద్దం మీది పాచి నత్తలు తినేవి, రాళ్ళ మీది పచ్చని పాచి మాత్రం అలాగే ఉండేది.

ఇవన్నీ చాలక, రోజూ పొద్దున నీళ్ళ మీద ముక్కు పెట్టి వాసన చూసి, వేలు ముంచి నాలుకకు రాసుకునేవాడు. చేపలు విసర్జించే నీళ్ళు! నాకు వాంతి వచ్చినంత పనయ్యేది. నా ముఖం చూసి నవ్వేవాడు.

"ఏమిరా అబ్బీ, మొగం అట్ల పెట్టుకుంటివి? మీ పిన్నమ్మ పులుసులో ఉప్పు చూడల్లంటే ఏం జేస్తాది? ఇదీ అంతే."

ఒకసారి మా అవ్వ ధర్మవరం నుంచి వచ్చింది. పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడని మనిషి. తొట్టి ముందు చాలాసేపు నిలబడి, "ఇంతేనారా సముద్రం? దీనికోసరమా జనం రైళ్ళెక్కి పోతాండేది?" అని పెదవి విరిచి, అంతలోనే చిన్నాయనను పిలిచి తల మీద రెండు చుక్కలు చల్లించుకుంది. సముద్ర స్నానం అయిపోయిందని తృప్తిగా రైలెక్కింది. నేనైతే ఆ చుక్కలు పడినచోట అవ్వ జుట్టు వంక చూడలేకపోయాను. నా మనసు అలాంటిది అప్పుడు. హిందూపురంలో చదువుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని తిరిగే నాకు మా బానల కంపూ, ఆ తొట్టి పాచీ, చొక్కా చేతులు మడుచుకుని నీళ్ళు నాకే చిన్నాయనా, అన్నీ ఒకే అసహ్యం కింద జమ. ఇది రాయడానికి ఈ వయసులో కూడా సిగ్గుగా ఉంది, కాని ఇదే నిజం.

తనిఖీ సోమవారమని తెలిసింది. కొత్త చేపలకోసం అయ్యవారు మద్రాసు వెళ్ళి ఉన్నారు, తనిఖీ నాటికి వస్తానన్నారు. శుక్రవారం సాయంత్రం చిన్నాయన దగ్గరి బంధువుల పెళ్ళికి ధర్మవరం బయలుదేరుతూ నాకు అన్నీ అప్పగించాడు.

"పొద్దున సాయంత్రం నీళ్ళు ఎత్తిపొయ్యి. గీత కాడికి వాననీళ్ళు పొయ్యి. అంతే, ఇంకేం ముట్టద్దు. ఆ పాచి జోలికి అసలే పోవద్దు. అది గలీజు గాదురా, అది ఉండబట్టే నీళ్ళు కంపు కొట్టకుండా ఉండేది."

వినలేదు. శనివారం మధ్యాహ్నం బడి వదిలాక ఆ తొట్టి ముందు కూర్చుని చూశాను. దొర లాంటి ఇన్‌స్పెక్టరు వచ్చి ఈ పాచిని చూస్తే నా గురించి ఏమనుకుంటాడు? చిన్నాయన గురించి కాదు, నా గురించి. పాచి జిగటగా, పచ్చగా, రాళ్ళన్నిటినీ కప్పుకుని ఉంది. జిగురును చూస్తే ధర్మవరం అద్దకంవాడి కొడుకు చేసే పని ఒక్కటే. అంగడికి వెళ్ళి చాకలి సోడా తెచ్చాను. చేపలనూ నత్తలనూ పీతనూ బకెట్‌లోకి మార్చి, పెద్ద గిన్నెలో సోడా నీళ్ళు మరిగించి, రాళ్ళను అందులో వేసి, మా ఇంట్లో పట్టును తిప్పినట్టు కట్టెతో తిప్పి తిప్పి ఉడికించాను. ఒక రాతికి చీమిడి ముద్దలా ఏదో వేలాడుతుంటే రోతపుట్టి, చాకుతో గీకి పారేసి, ఆ రాతినీ గిన్నెలో వేశాను. అది చామంతిలా విచ్చుకునే ఆ ప్రాణి. నీళ్ళలోంచి బయటికి తీస్తే ముడుచుకుని అలా అవుతుందని తెలుసుకునేంత ఓపిక నాకు అన్నాళ్ళలో ఒక్కరోజూ లేకపోయింది. ఇసుకను బావినీళ్ళతో ఏడుసార్లు కడిగాను. అద్దాలను చింతపండూ బూడిదా వేసి తోమాను. పాత నీళ్ళను గుడ్డలో వడగట్టి మళ్ళీ పోశాను. సాయంత్రం ఎండలో ఆ తొట్టి పెళ్ళికూతురి చీరలా మెరిసింది. ఎంత గర్వపడ్డానో!

ఆదివారం పొద్దునకు నీళ్ళు బియ్యం కడిగినట్టయ్యాయి. సాయంత్రానికి చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. చెంబుతో నీళ్ళు ఎత్తిపోశాను, చేతులు నొప్పిపుట్టేదాకా పోశాను. సోమవారం గది తలుపు తీసేసరికి వచ్చిన కంపు గురించి ఏం చెప్పను? ఉడికిన రాళ్ళ బొరియల్లో చచ్చినదంతా కుళ్ళి, నీళ్ళ మీద తెట్టె కట్టింది. ఆ తెట్టెలో మూడు తెల్లని పొట్టలు. పీత శంఖంలోంచి సగం బయటికి వచ్చి వేలాడుతోంది. దాన్ని చూసిన కళ్ళు ఇవే. చూస్తూ, చొక్కాకు ఆ కంపు అంటుతుందేమోనని వెనక్కి జరిగినవాణ్ణీ నేనే.

ఇన్‌స్పెక్టరు కోస్తా మనిషి. గుమ్మంలోనే రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇదేనటయ్యా మీ సముద్రం? మా ఊళ్ళో ఎండుచేపల కొట్టు ఇంతకంటే నయం!" అన్నాడు. వెంట వచ్చినవాళ్ళు నవ్వారు. హెడ్మాస్టరు ముఖం ఎర్రబడింది. నా వైపు తిరిగి, "ఎవరప్పా దీన్ని చూస్తాండేది?" అన్నారు.

"మా చిన్నాయనే సార్. దినామూ ఆయనే చూసుకుంటాడు" అన్నాను.

ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా జన్మలో ఆడిన అబద్ధాలన్నిటిలోకీ పెద్దది అదే.

పొద్దుటి బండికి దిగి నేరుగా బడికి వచ్చిన చిన్నాయన అప్పటికే గుమ్మం దగ్గర ఉన్నాడు. పెళ్ళి బట్టలైనా మార్చుకోలేదు. లోపలికి వచ్చి, తెట్టెలో చెయ్యి పెట్టి ఒక రాయి తీసి, అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళు సోడాలో బతికిన మనిషికి ఆ వాసన ఎవరు చెప్పాలి? నా వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత రాయిని మెల్లగా కింద పెట్టి, "తప్పు నాదే సార్. మీరు వస్తాండారని శుభ్రం చేద్దామని పోతి" అన్నాడు.

ఆ నెలాఖరుకు ఆయన ఉద్యోగం పోయింది. తనిఖీ మర్నాడు వచ్చిన సైన్సు అయ్యవారు ఖాళీ తొట్టి చూసి, జాడీలను ఇంటికి పంపేశారు. మళ్ళీ సముద్రం తేలేదు. ఆ జాడీల్లో వాళ్ళింట్లో మాగాయ పెట్టారని తర్వాత విన్నాను.

తనిఖీ నాడు గది కడిగి ఇంటికి వెళ్తుంటే దారిలో చిన్నాయన నాతో అన్నది ఇంతే. "మెరుగు బాగా వచ్చిండాదిరా అబ్బీ. సోడా యాడ తెస్తివి?" నేను ఏడ్చాను. పోయి హెడ్మాస్టరుకు చెప్పేస్తానన్నాను. "నీది కొత్త నౌకరీ, ఊరుకో. నాదేముంది, బాన యాడికి పోయింది? ఆడనే ఉండాది" అన్నాడు. నేను ఊరుకున్నాను. ఆయన ఊరుకోమన్నాడు గనుక ఊరుకున్నానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. ఆయన ఆ మాట అనాలనే నేను ఆయన ముందు ఏడ్చానని ఒప్పుకోవడానికి ముసలితనం దాకా పట్టింది.

ఆయన ధర్మవరం వెళ్ళి మళ్ళీ బాన ముందు నిలబడ్డాడు. ఒక ఏడాది తిరక్కుండానే చేతులు మళ్ళీ పగిలాయి. దసరా సెలవుల్లో వెళ్ళినప్పుడు పిన్నమ్మ ఇద్దరికీ పళ్ళేలు పెట్టింది. ఆయన పళ్ళెం పక్కన ఒక చెంచా పెట్టింది. కారం తగిలితే వేళ్ళు మండుతాయని ఆయన చెంచాతో తింటున్నాడు. మన ఇళ్ళల్లో అప్పుడు చెంచాతో అన్నం తినేవాళ్ళు ఎవరండీ? జబ్బు మనిషికి గంజి పోయడానికి తప్ప చెంచా బయటికి వచ్చేదే కాదు. వేళ్ళకు తెల్లగుడ్డలు చుట్టుకుని, చెంచా ఎలా పట్టుకోవాలో తెలియక సగం మెతుకులు కింద పోసుకుంటూ, నన్ను చూసి నవ్వి, "దొరనైపోతినిరా!" అన్నాడు. నేను సగం అన్నంలోనే లేచి చేతులు కడుక్కున్నాను. ఆయన మీద జాలితో కాదు, నా వేళ్ళు శుభ్రంగా ఉన్నందుకు.

నేను పర్మనెంటయ్యాను, పరీక్షలు రాసి అయ్యవారినయ్యాను, హెడ్మాస్టరునై రిటైరయ్యాను. పాతికేళ్ళపాటు పిల్లలకు శుభ్రత గురించి పాఠాలు చెప్పాను. చిన్నాయన పోయి చాలా కాలమైంది. నిజం ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు, ఇప్పుడు మీకు తెలిసింది.

కాలం మారింది. సముద్రం ఇప్పుడు కంటి ఆసుపత్రిలోనే దొరుకుతుంది, ఉప్పు ఎంతో యంత్రం చెబుతుంది, నీళ్ళ మీద ముక్కు పెట్టేవాళ్ళు ఎక్కడా లేరు. చెంచాలూ మామూలైపోయాయి. మా ఇంట్లో మనవలందరూ చెంచాతోనే తింటారు, వాళ్ళు నేర్చినది అదే, తప్పేమీ లేదు. పళ్ళేనికి చెంచా తగిలిన చప్పుడు వినగానే తాత ఎందుకు లేచి వెళ్ళిపోతాడో వాళ్ళకు తెలియదు. చేతులు కడుక్కోవడానికని అనుకుంటారు.