వానకు తేలే పేరు

మొన్న దేవరుప్పుల దగ్గరున్న మా ఊళ్లో, యుద్ధంలో పోయిన సిపాయిల పాత రాయిని తీసేసి గ్రానైటు స్తూపం కట్టి, మూడు పేర్లకూ బంగారు రంగు పూశారని మనవడు నన్ను కారులో తీసుకుపోయాడు. దండలు వేస్తుండగానే వాన అందుకుంది. అందరూ గొడుగుల కిందికి జరిగితే నేను కొంగు చేతబట్టుకుని రాయి దగ్గరికి పోయాను. మనవడు చెయ్యి పట్టి ఆపేదాకా ఆ సంగతి నాకే తెలియలేదు.

వాన పడితే రాయి తుడవడం, నేను అక్కా అని పిలిచే మా తోడికోడలి అలవాటు. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలు సద్దుమణిగాక నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను, కొన్నాళ్లకే పాకిస్తానుతో యుద్ధం వచ్చింది. మా ఊరివాళ్లు ఇద్దరు చనిపోయారని కబురొచ్చింది, అక్క పెనిమిటి, అంటే మా బావగారు, కనబడటం లేదని మాత్రం తంతి వచ్చింది. కొన్నేళ్లు చూసి, ఇక రాడులే అనుకుని పెద్దమనుషులు ముగ్గురికీ కలిపి రాయి పాతించారు. రెండు పేర్లు చెక్కడం అయిపోయి, మూడోది ఉలిమొనతో పైపైన గీస్తుండగా అక్క పొలం నుంచి ఉరికొచ్చి చెక్కేవాడి చెయ్యి పట్టుకుంది.

"పేరు చెక్కితె నా గాజులు పగలగొడ్తరు. రేపు ఆయనొస్తె నేను ఎట్ల ఎదురువోవాలె?" అన్నది.

అతను ఉలి సంచిలో వేసుకుని పోయాడు. ఎండలో ఆ చోటు ఉత్త రాయే. వాన వెలిసి చుట్టూ ఆరుతుంటే మాత్రం గీతల్లో తడి నిలిచి, బావగారి పేరు నల్లగా పైకి తేలేది. అది మాయమయ్యేదాకా అక్క కొంగుతో తుడిచేది.

ఒకనాడు మునిమాపువేళ నాట్లు వేసి వస్తూ రాయి దగ్గర ఆగాం. తుడుస్తూ తుడుస్తూ అక్క చెయ్యి తీసేసింది.

"చెల్లె, ఇయ్యాల జర లోతుగున్నది," అన్నది.

నేనూ వేలు పెట్టి చూశాను, గోరు దిగింది. ఉలి ముట్టలేదని ఊరంతా ఒట్టు వేసింది. తుడిచి తుడిచి అరిగిందని తేల్చేసింది మా అత్త, ఆమెకు తెలియనిదేముంది గనుక! నూలుకొంగుకు రాయి అరుగుతుందా?

ఏటేటా లోతవుతూనే వచ్చింది. చివరికి మబ్బుతునక లేని ఎండాకాలంలో, పొడి రాయి మీద పేరు పూర్తిగా నిలబడి కనిపించింది. అక్క చాలాసేపు చూసి, గాజులు ఒక్కొక్కటే తీసి నా చేతుల్లో పెట్టింది.

"పగలగొట్టకు. దాసిపెట్టు," అన్నది.

అలా తీసేసిన గాజులు ముత్తైదువ ముట్టవచ్చునా అని అత్త ఎంత తిట్టినా నేను వినలేదు. అక్క పోయి ఏళ్లయినా అవి నా పెట్టెలో చీరల కిందే ఉన్నాయి. పాత రాయిని ఎక్కడ పారేశారో అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. కొత్తదాని మీద పేరు వానకూ ఎండకూ ఒక్కతీరుగానే మెరుస్తోంది. ఆ పాతరాయి మీద, చాలా ఏళ్లపాటు, ఎండ కాసినన్నాళ్లూ మా బావగారు బతికే ఉన్నారు.