రెండో రోజు లేచిన చుక్కలు

చేప పాడైందో లేదో గురమ్మ ముట్టుకోకుండానే చెప్పేది. ఇరవై ఏళ్ళు గంప నెత్తిన పెట్టుకుని సంతలు తిరిగిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక గంప దించేసి, ఊరికి ఆనుకునే ఉన్న రొయ్యపిల్లల హేచరీలో కడుగుడు పనికి కుదిరింది.

అక్కడ కడిగేవి వంట గిన్నెలు కావు. సముద్రపు నీటిని నీలంగా వెలిగే యూవీ దీపం పక్కనుంచి పారించి, తొట్లలోకి పంపుతారు. క్రిములు చచ్చాయో లేదో చూడ్డానికి ఆ నీటిచుక్క ఒకటి గాజు ప్లేటులోని ఆకుపచ్చ జిగురు మీద పూస్తారు. క్రిమి బతికుంటే మర్నాటికి పసుపు చుక్కలు లేస్తాయి. మేనేజరు రమేష్‌బాబు పొద్దున్నే చూసి, చుక్కల్లేవని రాసేస్తాడు. ఆ వెంటనే ప్లేట్లని పెద్ద ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించి కడగడం, ఖాళీ అయిన తొట్లు తోమడం గురమ్మ పని.

ప్లేట్లు శుభ్రంగానే ఉంటున్నాయి. అయినా ఆ నెలలో రెండు తొట్లలో రొయ్యపిల్లలు చచ్చి అడుక్కి దిగిపోయాయి. ఎవరిని అనాలో తోచని రమేష్‌బాబు గురమ్మ చేతుల వంక చూశాడు. ఎండుచేప కంపు వదలని చేతులతో తొట్లు ముడితే ఇంకేమవుతుందన్నాడు. సోమవారం మూడో తొట్టిలో పిల్లల్ని వదులుతున్నామనీ, అవీ పోతే వేరే మనిషిని చూసుకుంటాననీ చెప్పాడు. గురమ్మ వెళ్ళి చేతులు మండేదాకా సబ్బుతో రుద్దుకుంది.

శనివారం కుక్కర్ గాస్కెట్ తెగింది. రమేష్‌బాబు చూసేసిన ప్లేట్లు ఉడక్కుండా ట్రేలోనే ఉండిపోయాయి. ఆదివారం ఊడవడానికి వెళ్ళిన గురమ్మ, మూత తీయకుండా ఒక ప్లేటుని వెలుతురుకి ఎత్తి చూసింది. నిన్న లేని చుక్కలు ఇవాళ ఉన్నాయి. పోల్చి చూడ్డానికని ఏ నీరూ పూయకుండా పక్కన పెట్టే ఉత్త ప్లేటు మాత్రం నున్నగా ఉంది. తన చేతి మురికే అయితే దీని మీదా లేవాలి కదా.

వేట నిషేధం రోజులు కావడంతో మొగుడు గంగులు ఇంటి ముందే వల బాగుచేస్తున్నాడు. సంగతి విని నవ్వాడు.

"ఒసే, సేపలమ్మడం మానేసి పురుగుల్ని పెంచుతున్నావేటే?"

"నీ వలకంటే అయ్యే నయం. రెండ్రోజుల్లో లేస్తన్నాయి."

అంది గానీ ఆమెకి నవ్వు రాలేదు. చెబితే, ఉడికించకుండా ఎందుకుంచావంటారు. చెప్పకపోతే పిల్లలు చస్తాయి, ఆ పాపం మళ్ళీ తన చేతులకే చుట్టుకుంటుంది. చిరుగు అల్లుతున్న గంగులు వేళ్ళనే చూస్తూ కూర్చుంది.

సోమవారాల్లో విజయనగరం కాలేజీ నుంచి అరుణశ్రీ మేడమ్ వచ్చి నీళ్ళు పరీక్షిస్తుంది. గురమ్మ ట్రే తీసుకెళ్ళి నేరుగా ఆమె ముందు పెట్టింది. నిన్ననో మొన్ననో గురమ్మే చెయ్యి పెట్టి ఉంటుందని రమేష్‌బాబు అన్నాడు. అరుణశ్రీ ఉత్త ప్లేటుని అటూ ఇటూ తిప్పి చూసింది. దీపం గొట్టం మార్చి ఎన్నాళ్ళయిందని అడిగింది. రెండేళ్ళు దాటిందన్నాడతను.

అప్పుడామె విడమరిచి చెప్పింది. పాతబడ్డ దీపం వెలుగుతుంది గానీ చంపదు, క్రిమి లోపలి డీఎన్ఏ పోగుని గాయపరిచి వదిలేస్తుంది. బాగుచేసే జన్యువులు క్రిమిలో ఎప్పుడూ ఉంటాయి. మామూలప్పుడు లెక్స్-ఎ అనే ప్రొటీన్ వాటిని నొక్కిపెట్టి ఉంచుతుంది. దెబ్బ తగిలిన పోగుని రెక్-ఎ అనే మరో ప్రొటీన్ పట్టుకోగానే, లెక్స్-ఎ కాపలా తనంతట తానే తెగిపోతుంది. జన్యువులు మేల్కొంటాయి. కొన్ని గాయాన్ని అతుకుతాయి. ఒకటి మాత్రం, అతుకు పూర్తయ్యేదాకా క్రిమి రెండుగా చీలకుండా ఆపుతుంది. క్రిములు చీలి లక్షలైతేనే చుక్క కంటికి ఆనుతుంది, అందుకే మొదటి రోజు కనబడలేదు. బాగయ్యాక కాపలా మళ్ళీ వచ్చి కూర్చుంటుంది, చీలడం మొదలవుతుంది.

గురమ్మ ముఖం విప్పారింది.

"వల సిరిగితే పడవ ఎల్లదు కదమ్మగోరూ. ఒడ్డునే కూకుని అల్లుకుంతారు. సముద్రంలో ఒక్క పడవా అవుపడనేదని ఊరు సచ్చిపోనాదనుకుంతారేటి?"

అరుణశ్రీ ఆమెనే చూస్తూ, "నేను క్లాసులో గంటసేపు చెప్పేది ఇదే, గురమ్మా," అంది.

పిల్లల్ని వదలడం ఆగింది. మూడో తొట్టి ఖాళీ చేశారు. కొత్త గొట్టం బిగించి మళ్ళీ నీళ్ళు పట్టారు. ఈసారి ప్లేట్లు రెండు రోజులు ఉంచారు. ఒక్క చుక్కా లేవలేదు. అప్పుడు వదిలిన పిల్లలు రెండు వారాలకి మేత వెయ్యగానే ఎదురొచ్చేంత చురుగ్గా ఉన్నాయి.

రమేష్‌బాబు క్షమించమని అనలేదు. కానీ గొట్టం మార్చిన మర్నాటి నుంచీ ప్లేట్ల గది తాళంచెవి గురమ్మ కొంగున ఉంటోంది. పొద్దున్నే పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు.

"ఏం గురమ్మా, నీళ్ళు బాగున్నట్టేనా?"

గురమ్మ ప్లేటుని వెలుతురుకెత్తి, తిరిగి జాగ్రత్తగా ట్రేలో పెడుతుంది.

"రేపు సెప్తాను బాబూ."